ఫారో దీవుల దేశగీతము

జాతి యనగా నేమి యను ప్రశ్నకు రాజనీతి శాస్త్రజ్ఞులు పలు సమాధానములు చెప్పుదురు. ప్రత్యేక ప్రభుత్వ ముండవలెనని కొందరు, సేన యుండవలెనని కొందరు, నాణె ముండవలెనని మరికొందరు నిర్ణయించిరి. వీనిలో నేదియు తనదిగా లేక, శతాబ్దములు పరుల యేలుబడిలో నుండి, సంఖ్యలో మన యొక మోస్తరు పట్టణపు జనమునకు మించని ప్రజ యొకటి తాను జాతినని నిరూపించుకొన్న వృత్తాంతము ఉత్తర అట్లాంటిక్ సముద్రమున జరిగినది. ఆ ప్రజకు ఆధారమైనది ఆయుధము గాదు, ధనము గాదు, పాట. ఆ పాట చేసిన పనిని, దానితోబాటు అది చేయజాలని పనిని గూడ, పాఠకులకు నివేదింప దలచితిమి.

స్కాట్లండునకు ఉత్తరముగా, నార్వేకును ఐస్లండునకును నడుమ 18 దీవుల గుంపు కలదు. వీనినే ఫారో దీవులందురు. 17 దీవులలో జనులు నివసింతురు. మొత్తము విస్తీర్ణము సుమారు 1,400 చదరపు కిలోమీటర్లు. చెట్లు అరుదు; నల్లని రాతి కొండలు నిట్టనిలువుగా సముద్రములోనికి దిగును; కొండవాలులయందు పచ్చిక, పచ్చికపై గొఱ్ఱెలు. 1801 సంవత్సరపు జనాభా లెక్కలలో అచటి మనుష్యులు 5 వేలకు కొంచెము మించియుండిరి. నేడు 54 వేలకు పైబడి యున్నారు. వేయి సంవత్సరములకు పూర్వము నార్వే నుండి వచ్చి స్థిరపడిన వారి సంతతి వీరు. మొదట నార్వే రాజునకును, పిమ్మట నార్వేతోబాటు డెన్మార్కు రాజునకును లోబడిరి. 1814లో నార్వే డెన్మార్కు నుండి విడివడినను ఈ దీవులు మాత్రము డెన్మార్కునకే మిగిలిపోయినవి.

పరప్రభుత్వ మనగా పన్నుల వసూలు మాత్రమే గాదని మన పాఠకులకు వేరుగ చెప్ప నక్కరలేదు. 16వ శతాబ్దమున మతసంస్కరణము వచ్చినది మొదలు ఫారో దీవుల దేవాలయములలో డేనిష్ భాష ప్రవేశించెను. ప్రార్థన డేనిష్; కీర్తన డేనిష్; న్యాయస్థానమున వాదము, తీర్పు డేనిష్. వర్తకము రాజుగారి గుత్త. ఇంట అల్లిన ఉన్ని మేజోళ్లను తోర్షావన్ పట్టణమునందలి రాజుగారి కోఠీకి మోసికొనిపోయి, వారు నిర్ణయించిన ధరకు అమ్మి, వారు నిర్ణయించిన ధరకే ధాన్యము కొనితెచ్చుకొనవలెను. ఈ గుత్త 1856 వరకు సాగినది. ఇక వారి సొంత భాషకు లిపిసంప్రదాయమే లేకుండెను. వ్రాయబడని భాష, గుడిలో వినబడని భాష, కచేరీలో చెల్లని భాష ఎక్కడ బ్రతుకును?

అది వంటపొయ్యి చుట్టును బ్రతికినది. ఆ దేశమున శీతకాలపు రాత్రి మిక్కిలి దీర్ఘము. ఇంటిల్లిపాదియు పొగగదియందు చేరి, ఒకరు ఉన్ని దువ్వుచు, ఒకరు నూలు వడకుచు, ఒకరు అల్లుచు కాలము గడపెడివారు. చేతులకు పని యుండగా నోటికి పాట యుండెను. మన పల్లెలలో తిరుగలి యొద్దను, రోటి యొద్దను పుట్టిన పాటల సంగతి యెఱిగినవారికి ఇది క్రొత్తగా తోచదు. అయితే వారి పాటలు చిన్నవి గావు. కొన్ని నూరు చరణములకు మించిన వీరగాథలు. నాగమును చంపిన సిగుర్డు కథ, పూర్వపు నార్వే రాజుల నౌకాయుద్ధములు, చార్లెమేన్ చక్రవర్తి వీరుల కథలు వీనిలో కలవు. తాత నోట విని తండ్రి నేర్చెను. తండ్రి నోట విని కుమారుడు నేర్చెను. పుస్తకము లేదు, పుటము లేదు.

క్రిస్మసు మొదలు ఉపవాసదినముల వరకును, ఇతర పండుగలకును, వివాహములకును ఈ గాథలు నృత్యముగా మారును. ఆ నృత్యమునకు వాద్యము లేదు. స్త్రీ పురుషులు, వృద్ధులు, బాలురు చేయిచేయి పట్టుకొని వలయముగా నిలుతురు. ఎడమకు రెండడుగులు వేసి కుడికి ఒకటి వేయుదురు. గాథ నెఱిగిన పెద్ద యొకడు చరణమెత్తును. పల్లవి వచ్చునప్పటికి అందరును గొంతు కలుపుదురు. పలకల నేలపై పడు పాదముల చప్పుడే వారికి మృదంగము. జనము పెరిగి గది ఇరుకైనపుడు వలయము తనలోనికి తాను మడతపడును. అప్పుడు ప్రతివాడును తక్కిన యందరి ముఖములను ఎదురుగ చూచుచు నడచును. మన కోలాటమును చెక్కభజనను చూచినవారు దీనిని కొంతవరకు ఊహించుకొనగలరు. కాని భేద మొకటి కలదు. చూచువా డొక ప్రక్కను, ఆడువా డొక ప్రక్కను అచట నుండరు. లోపలికి వచ్చిన వాడు చేయి అందుకొనవలసినదే. ధనికుడైన భూస్వామి చేతిలో కూలివాని చేయి యుండును. జాతిభావమునకు ఇంతకంటె స్పష్టమైన రూపమును మే మెక్కడను చదివి యుండలేదు.

ఈ సంపదను మొదట లెక్కపెట్టినవాడు యెన్స్ క్రిస్టియన్ స్వాబో యను ఫారో పండితుడు. 1781, 1782 సంవత్సరములలో ఆయన దీవులలో సంచరించి గాథలను వ్రాసికొనెను. భాషలోని మాటలను కూర్చెను. విచిత్ర మేమనగా, తన భాష చెడిపోయినదనియు, దాని స్థానమున డేనిష్ నిలుచుటయే మేలనియు ఆయన యభిప్రాయము. పోవుచున్న వస్తువు యొక్క గుర్తులను దాచవలెననియే ఆయన శ్రమపడెను. మరణశయ్యపై నున్నదని తలచి చిత్రించిన రూపమే తరువాతి తరముల వారికి ప్రాణదాయక మయ్యెను. పండితుని నిర్ణయము తప్పినది. ఆయన శ్రమ మాత్రము ఫలించినది.

1817లో హాన్స్ క్రిస్టియన్ లింగ్బీ యను డేనిష్ వృక్షశాస్త్రజ్ఞుడు సముద్రపు నాచులను పరిశీలించుటకు ఈ దీవులకు వచ్చెను. నాచుల కొఱకు వచ్చినవాని చెవిని సిగుర్డు గాథలు పడినవి. 1822లో ఆయన వానిని అచ్చొత్తించెను. ఫారో భాషలో అచ్చుపడిన మొదటి గ్రంథ మదియే. మన వేమన పద్యములను వెదకి కూర్చి 1829లో అచ్చొత్తించిన బ్రౌను దొర యిచ్చట స్మృతికి రాకమానడు. పాలకుల దేశమునుండి వచ్చిన ప్రతివాడును పాలకుడు గాడు. అధికారమునకును ప్రజకును వైరము. ప్రజకును ప్రజకును కాదు. తరువాత స్వెండ్ గ్రుంట్విగ్, యోర్గెన్ బ్లోక్ అను ఇరువురు డేనిష్ విద్వాంసులు ఫారో గాథల నన్నింటిని ఒక్కచో చేర్చు మహాకార్యమును 1872లో ఆరంభించి దశాబ్దములు సాగించిరి. ఆ భాండారమున సుమారు 70 వేల చరణములు కలవని యెన్నిక. 5 వేల మంది ప్రజ నోట దాచుకొన్న ధన మిది.

పాట పురాతనమైన కథలను దాచుటతో నాగలేదు. అన్యాయమును ప్రశ్నించుటకును పూనుకొన్నది. నొల్సోయ్ దీవివాడైన పాల్ అను రైతు, నావికుడు, 1766లో జన్మించెను. రాజుగారి గుత్త తన జనులను పీల్చివేయుట చూచి, 1804లో ఆయన తన తోడివారితో కలసి సముద్రయానమునకు తగిన నావను స్వయముగా నిర్మించెను. అధికారు లాయనపై అభియోగములు మోపిరి. ఆయన వారికి పాటతో బదులు చెప్పెను. 200 చరణములకు పైబడిన ఆ పక్షుల పాటలో అధికారులు డేగలు, కాకులు మొదలగు క్రూరపక్షులు. ప్రజలు చిన్న పిట్టలు. డేగ వచ్చుచున్నదని కేకవేసి పిట్టలను హెచ్చరించు సముద్రతీరపు పక్షి యొకటి కలదు. నలుపు తెలుపు రెక్కలు, ఎఱ్ఱని పొడుగు ముక్కు దానికి. ఆ పక్షియే కవి. పేరెత్తి ఎవరిని నిందించినను శిక్ష తప్పదు. పిట్టల కథ పాడినవానిని శిక్షించుట యెట్లు? ఆ గాథ దీవి దీవికిని వ్యాపించినది. 1808వ సంవత్సరాంతమున, యుద్ధము వలన ధాన్యము రాక ప్రజలు ఆకలిగొన్న కాలమున, లండను నుండి ధాన్యము తెచ్చుచు పాల్ సముద్రమున నావతో గూడ మాయమయ్యెను. పాట నిలిచినది. ఆ తీరపక్షి నేటికిని ఫారో జాతీయ పక్షి.

1844, 1845 సంవత్సరములలో దీవుల పాఠశాలలను గూర్చి డెన్మార్కున చర్చ జరిగినపుడు, ఫారో భాష భాషయే కాదు, ఒక మాండలికము మాత్రమేనని కొందరు పెద్దలు పలికిరి. బలవంతులు బలహీనుల వాక్కును గూర్చి ఎల్ల దేశములయందును పలుకు పలుకే యిది. యువకుడైన స్వెండ్ గ్రుంట్విగ్ దీనిని ఖండించుచు చిన్న పుస్తకము ప్రకటించెను. 1846లో ఫారో దేశీయుడు, మతాచార్యుడునగు హామర్షైంబ్ తన భాషకు వర్ణక్రమమును ఏర్పరచెను. ఒక్కొక్క దీవి ఉచ్చారణ ఒక్కొక్క తీరుగా నుండుట వలన, ఏ యొక్క దీవి పలుకును గైకొనక, ప్రాచీన నార్వే భాషలోని శబ్దమూలమును బట్టి వ్రాత నిర్ణయించెను. పలుకునకు దూరమని, నేర్చుట కష్టమని దీనిపై 1889 నుండి గట్టి వివాదము చెలరేగినది. గ్రాంథిక వ్యావహారిక వాదముల నెఱిగిన ఆంధ్రులకు ఆ వివాదపు రుచి చెప్పనక్కరలేదు. హామర్షైంబ్ వర్ణక్రమమే తుదకు నిలిచినది. నోటిలోని పాటకు కాగితముపై నిలుచు చోటు దొరకినది.

ప్రాచీన గాథ యొకటి, దేశభక్తి గీతము వేరొకటి. గాథలో పూర్వవీరులు కలరు. దేశము పేరు లేదు. దేశమునే దేవతగా, తల్లిగా, ప్రియవస్తువుగా సంబోధించు గీతములు 1876 ప్రాంతమున పుట్టినవి. పుట్టినచోటు దీవులు గావు, డెన్మార్కు రాజధాని యగు కోపెన్‌హేగన్. అచ్చట చదువుకొను ఫారో విద్యార్థులు కొలదిమంది పండుగనాడు కూడుకొని, తమ భాషలో పాడుకొనుటకు క్రొత్త పాటలు లేవే యని విచారించి, తామే వ్రాసికొనిరి. ఇంటికి దూరమైనవానికే ఇల్లు పూర్తిగ కనబడును. వారిలో ఫ్రీద్రికుర్ పేటర్సన్ అను విద్యార్థి వ్రాసిన గీతము దీవుల కొండలను పచ్చికను మంచును ప్రేమతో వర్ణించినది. అది స్వదేశమునకు చేరి ఇంటింట మ్రోగెను. చాలకాలము దేశగీతముగానే చెల్లెను. ఈ పేటర్సన్ పేరును పాఠకులు గుర్తుంచుకొన వేడుచున్నాము. ఈ కథకు కీలక మాయనయందే యున్నది.

1888 డిసెంబరులో తోర్షావన్‌లోని వార్తాపత్రికలో ఒక ప్రకటన వెలువడెను. తొమ్మండుగురు దానిపై పేరులు వ్రాసిరి. ఫారో భాషను, ఆచారములను రక్షించుకొను ఉపాయమును ఆలోచించుటకు క్రిస్మసు మరునాడు, అనగా 26వ తేదీన, శాసనసభా మందిరమున కూడవలసినదని ఆహ్వానము. ఆనాడు రాస్ముస్ ఎఫర్సో అను కవి లేచి ఒక గీతము చదివెను. దానిని వ్రాసినవాడు 22 ఏండ్ల రైతుబిడ్డ యోవన్నెస్ పాటుర్సన్. మన భాషను మనము చేయిచేయి కలిపి కాపాడుకొను గడియ వచ్చినదని దాని భావము. సభ పాఠశాలలను గూర్చియు దేవాలయమును గూర్చియు తీర్మానములు చేసెను. మరుసటి యేట ఫారో సంఘము స్థాపిత మయ్యెను. 1890లో ఫారో భాషలో పత్రిక వెలువడెను. ఒక జాతి మేల్కొన్న దినమును తేదీతో చెప్పుట అరుదు. ఫారో ప్రజలు చెప్పగలరు. ఆ దినము మొదట వినబడినది ఉపన్యాసము గాదు, గీతము.

1899లో సీమున్ అవ్ స్కార్ది, రాస్ముస్ రాస్ముస్సన్ అను మిత్రు లిరువురు పల్లె యువకుల కొఱకు ఒక ప్రజావిద్యాలయమును స్థాపించిరి. అచ్చట బోధన ఫారో భాషలోనే. ఆ విద్యావిధానపు నమూనా డెన్మార్కుదే. పాలకుల దేశమున నేర్చిన విద్యను పాలితుల భాషకు ప్రాణము పోయుటకు వినియోగించిరి. ఈ స్కార్దియే 1906లో నేటి ఫారో దేశగీతమును రచించెను. పేతుర్ ఆల్బెర్గ్ దానికి వరుస కట్టెను. మే మా గీతపు భావమును పరిశీలించి యాశ్చర్యపడితిమి. అందు శత్రువు లేడు. రాజు లేడు. చంపుట, చచ్చుట లేవు. శీతకాలమున మంచుచారలు పడిన కొండలు, వేసవిని నెలకొను ప్రశాంతత, ఎండ, గాలివాన, దీవులకు పూర్వులు పెట్టిన పేరును దేవుడు కాచుగాక యను ప్రార్థన, ఇంతియే. దేశభక్తికి ద్వేషము దినుసుగా వేయనక్కరలేదని ఆ చిన్న గీతము సాక్ష్యమిచ్చుచున్నది. ఆ గీతము పుట్టిన మరుసటి యేట, 1907లో, రాజమహేంద్రవరమున వందేమాతర చిహ్నములు ధరించిన విద్యార్థులు కళాశాల నుండి వెడలగొట్టబడిరి. రెండు దేశములకు సంబంధము లేదు. కాలము మాత్ర మొక్కటే. చిన్న ప్రజలును పెద్ద ప్రజలును ఆనాడు ఒకే పాఠము నేర్చుచుండిరి.

ఇక మేము గుర్తుంచుకొన వేడిన విషయము. 1906లో దీవుల రాజకీయములు రెండుగా చీలెను. పన్నుల విషయమునను పరిపాలనమునను దీవులకు ఎక్కువ అధికారము కావలెనని యోవన్నెస్ పాటుర్సన్ పక్షము. అంత భారమును చిన్న ప్రజ మోయజాలదనియు, డెన్మార్కుతో బంధము సడలరాదనియు ఎదుటి పక్షము. ఈ రెండవ పక్షమునకు నాయకు డెవరు? దేశమంతయు పాడుకొను తొలి దేశభక్తి గీతమును వ్రాసిన ఫ్రీద్రికుర్ పేటర్సనే! ఆనాటికి ఆయన మతాచార్యులలో అగ్రగణ్యుడు. ఒక గీతకర్త స్వపరిపాలన మడిగెను. మఱియొక గీతకర్త ఐక్యము కోరెను. ఎన్నికలలో ఒకరి నొకరు ఎదిరించిరి. ప్రజలు మాత్ర మిరువురి పాటలను పాడుచునే యుండిరి.

దీనినుండి మేము గ్రహించిన దేమన, దేశగీతము ఏ పక్షమునకును సొత్తు గాదు. ఎదుటివాని అభిప్రాయము నాకు సరిపడదు గనుక వాడు దేశద్రోహి యనువాడు, ఎదుటివాడు వ్రాసిన పాటను తాను పాడుచున్న సంగతి మరచినవాడు. దేశమును ప్రేమించుటలో ఇరువురును సమానులే. దేశమునకు మేలు చేయు మార్గమును గూర్చియే వివాదము. వివాదము సభలో జరుగవలెను, వలయములో గాదు. వలయములో చేయి వదలరాదు.

అట్లని పాట పాడుకొని ఊరకుండిన సరిపోవునా? పోదు. 1912లో పాఠశాల నిబంధనలు మారి, పై తరగతుల బోధన డేనిష్ భాషలో జరుగవలెనని శాసింపబడెను. ఇంట పాడు భాషలో బాలుడు లెక్క చెప్పరాదు. తమ పట్టు విడువక ఉద్యోగము వదలుకొన్న ఉపాధ్యాయుడును కలడు. తలిదండ్రులు, ఉపాధ్యాయులు, సభ్యులు అర్జీలు వ్రాసి, వాదించి, ఎన్నికలలో గెలిచి ఓడి మరల గెలిచి, 1938లో ఆ నిబంధనను తొలగింపజేసిరి. 26 సంవత్సరములు పట్టినది. దేవాలయమున సంగతియు నిట్టిదే. యాకుప్ దాల్ అను మతాచార్యుడు క్రొత్త నిబంధనను ఫారో భాషలోనికి పరివర్తించి 1937లో ప్రకటించెను. 1939లో గాని ఆ భాషకు దేవాలయమున డేనిష్‌తో సమాన స్థానము లభింపలేదు. పాట ఉత్సాహము నిచ్చును. కాని అర్జీ వ్రాయువా డొకడు, వ్యాకరణము కూర్చువా డొకడు, జీతము పోయినను నిలుచువా డొకడు కావలెను. పాట పాడి ఇంటికిపోయి నిద్రించిన జాతి ఉదయమున లేచుసరికి ఆ పాట కూడ మరచును.

1940 ఏప్రిలులో జర్మనీ డెన్మార్కును ఆక్రమించెను. మూడు దినములలో బ్రిటిషు సేన ఫారో దీవులలో దిగెను. డేనిష్ జెండాతో తిరుగు నావ ఏ పక్షపుదో తెలియరాని కాలము. 1919లో విద్యార్థులు కుట్టిన తెలుపు, ఎఱుపు, నీలము జెండాను ఫారో నావలు ఎత్తవచ్చునని 1940 ఏప్రిలు 25వ తేదీన బ్రిటను అంగీకరించెను. ఆ జెండాతో చేపలు తీసికొని బ్రిటనుకు పోవుచు, యుద్ధకాలమున 200 మందికి పైగా ఫారో నావికులు ప్రాణములు గోల్పోయిరి. పాటలోని దేశమునకు వారు చెల్లించిన మూల్య మిది.

యుద్ధానంతరము, 1946 సెప్టెంబరు 14వ తేదీన, డెన్మార్కుతో నుండుటయా, విడివడుటయా యని ప్రజాభిప్రాయ సేకరణము జరిగెను. విడివడవలెనన్నవారికి 161 వోట్ల ఆధిక్యము వచ్చెను. నలువదేండ్లుగా ఒకే గీతమును పాడినవారు సరిసగముగా చీలిరి! డేనిష్ ప్రభుత్వము ఆ స్వల్పాధిక్యమును స్వాతంత్ర్య నిర్ణయముగ అంగీకరింపలేదు. రాజు శాసనసభను రద్దుచేసెను. క్రొత్త ఎన్నికలలో ఐక్యవాదులది పైచేయి యయ్యెను. తుదకు 1948 ఏప్రిలు 1వ తేదీన స్వపరిపాలన చట్టము అమలులోనికి వచ్చెను. ఫారో భాషను ముఖ్యభాషగను, జెండాను దీవుల జెండాగను ఆ చట్టము గుర్తించెను. పూర్ణస్వాతంత్ర్యమును గూర్చిన వాదము నేటికిని ముగియలేదు. దీనిని విఫలత యనవచ్చునా? ఈ సందర్భమున పాఠకుల కొక మాట మనవి చేసెదము. 161 వోట్లతో చీలిన పల్లెలలో ఆ మరుసటి పండుగకును నృత్యము జరుగవలసియుండెను. నృత్యమునకు చేతులు కలుపక తీరదు. చిన్న దీవిలో పొరుగువానితో పోరు పెట్టుకొని పోవుటకు వేఱు చోటు లేదు. అచ్చట అంతఃకలహము రక్తపాతముగా పరిణమింపలేదనునది చరిత్ర.

నేటికిని జూలై 28, 29 తేదీలలో తోర్షావన్ పట్టణమున ఓలాఫ్ మహోత్సవము జరుగును. దీవు లన్నింటి నుండి జనులు జాతీయ దుస్తులు ధరించి వత్తురు; శాసనసభ ఆనాడే కొత్త సమావేశము నారంభించును. 29వ తేదీ రాత్రి, నడిరేయి సమయమున, వేలకొలది జనము పట్టణ మధ్యమునందలి బయలులో చేరి, చేతులలో పాటల కాగితములు పట్టుకొని, అందరును కలసి పాడుదురు. గాయకుడు వేరు, శ్రోత వేరు అను భేద ముండదు. పాట ముగిసినంతనే వలయము కట్టి తెల్లవారువరకు వీరగాథలు ఆడుదురు. సముద్రముపై పోయి దూరదేశములలో చదువుకొను యువకులు ఆ దినమునకు ఇలు చేరుదురు. 19వ శతాబ్దమున యెన్స్ క్రిస్టియన్ జుర్హూస్ అను రైతుకవి రచించిన నౌకాయుద్ధ గాథను 2002లో యువకుల బృంద మొకటి విద్యుద్వాద్యములతో పాడి రికార్డు చేయగా, పిన్నలు పెద్దలు దానిని ఆదరించిరి. వాద్యము మారినది, మాట మారలేదు.

స్వచ్ఛత యను భ్రమ వలననే ఆ సంస్కృతి నిలిచినదని తలచువారు పొరబడుదురు. ఫారో వలయమున డేనిష్ గాథలును చిరకాలముగ ఆడుచుండిరి. డేనిష్ కవి కింగో కూర్చిన కీర్తనలను తమదైన దీర్ఘరాగముతో, గమకములతో పాడి తమవిగా జేసికొనిరి. పరుని పాటను ప్రేమించుట వలన తన పాట నశింపదు. తన పాట పాడుటకు సిగ్గుపడుట వలననే నశించును. స్వాబో కాలమున పట్టణములోని పెద్దలు స్వభాషను గ్రామ్యమని తలచి డేనిష్‌లో మాటాడుట గౌరవమనుకొనిరి. ఆ సిగ్గును కడిగివేసినదే దేశగీతము. చదువురాని ముసలమ్మ నోట నున్నది అపభ్రంశము గాదు, ఐశ్వర్యమని చదువుకొన్న మనుమనికి తెలిసిన దినమున ఆ జాతికి స్వరాజ్యము సగము వచ్చినది.

ఈ కథ చదివిన మన గృహస్థులు తమ యింటి పెద్దముత్తైదువ నొకసారి అడుగుదురు గాక. ఆమె కెన్ని పాటలు వచ్చును? వానిలో నెన్ని కోడండ్రకు వచ్చును? మనుమరాండ్రకు ఒక్కటియైన వచ్చునా? 5 వేల మంది జనము 70 వేల చరణములను నోట దాచగలిగినపుడు, కోట్లకొలది జనము దాచలేమనుట సంఖ్య చాలక గాదు. ఫారో ప్రజకు సేన లేదు. నేటికిని పూర్ణస్వాతంత్ర్యము లేదు. అయినను చీకటి రాత్రి ఆ దీవులలో ఒకడు చరణమెత్తిన పల్లవి యందుకొనువారు కలరు. అందుకొనువా రున్నంత వరకు ఆ జాతి యున్నది.